తాత పాడిందే రాగం

గిద్దలూరు బస్టాండు ఎదురుగా నెట్ సెంటర్ పెట్టుకున్నవాడికి దగ్గరలో సొంత ఊరు ఉండకూడదు. ఉందంటే, ఆ ఊళ్లో పాడైన ప్రతి వస్తువూ సంచీలో కూర్చుని ఆటో ఎక్కి వచ్చేస్తుంది. వినయ్ కుమార్ దుకాణానికి అట్లా వచ్చినవాటిలో టీవీ రిమోట్లు, మిక్సీ, గోడగడియారం, ఒకసారి పురుగుమందు కొట్టే పంపు కూడా ఉన్నాయి. ఇది నా పని కాదంటే, "కంప్యూటర్ తెలిసినోడివి, ఇదొక లెక్కనా నీకు?" అంటారు. అది పొగడ్తో దెప్పిపొడుపో అతనికి ఇప్పటికీ అర్థం కాలేదు. కాదనడానికి కూడా ఓపిక కావాలి, అది అతనికి ఎప్పుడో అయిపోయింది. అందుకని ఏది తెచ్చినా బల్ల కింద పెట్టి పొమ్మనేవాడు.

లీదియా అవ్వ వచ్చిన రోజు సర్వర్ పనిచేయడం లేదు. అప్లికేషన్లు పెట్టడానికి వచ్చినవాళ్లు బెంచీ మీద కూర్చుని వినయ్‌ని గుడ్లురిమి చూస్తున్నారు. సర్వర్ ఎక్కడో ఉంటుంది, దాన్ని నేను ఆపలేదు అని ఎంత చెప్పినా వాళ్లు నమ్మరు. వాళ్ల లెక్కలో సర్వర్ అంటే వినయే. ఆ చూపుల మధ్యలోంచి అవ్వ నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, కొంగు ముడి విప్పి, చిక్కుడు గింజంత వస్తువును అద్దం మీద పెట్టింది.

"ఏంది అవ్వా ఇది?"

"మీ తాత చెవి మిషన్ నాయనా. ఇది నువ్వే బాగుచేయాల."

మీ తాత అంటే సొంత తాత కాదు. రాచర్ల దారిలో ఉన్న వాళ్ల పల్లెలో విశ్వాసం అనే ముసలాయన అందరికీ తాతే. వయసులో ఉండగా మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ పక్కన పనిచేశాడు. ఆ రొద ఆయన చెవుల్ని మెల్లమెల్లగా తినేసింది. ఒంగోలులో క్యాంపు పెట్టినప్పుడు ఈ మిషన్ ఇచ్చారు. పెట్టుకుంటే ఒకటే ఈల. కుక్కర్‌ని చెవిలో పెట్టుకున్నట్టుందని తీసి ట్రంకుపెట్టెలో పడేశాడు. దాన్ని మనిషికి తగ్గట్టు సెట్ చేయాలని, క్యాంపు మేడమ్ ఒక సీడీ, ఒక కేబుల్ డబ్బా చర్చికి ఇచ్చి, కంప్యూటర్ తెలిసినవాళ్ల చేత చేయించుకోమని చెప్పి వెళ్లిందట. ఊళ్లో కంప్యూటర్ తెలిసినవాడు ఎవరో వేరే చెప్పాలా. అవ్వ ఆ రెండూ కూడా సంచీలో వేసుకొచ్చింది.

"ఇన్ని దినాలు లేంది ఇప్పుడెందుకవ్వా?"

"మొన్న బస్సు కింద పడబోయినాడు. డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి, బ్రేకేసి, దిగొచ్చి నోటికొచ్చినట్టు తిట్టినాడు. ఈయనకు ఆ తిట్లు కూడా ఇనపళ్ల. వందనాలు నాయనా అని చేతులెత్తి దండం పెట్టినాడు." అవ్వ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఇంట్లో అరిచి అరిచి నా గొంతు పోయింది. రోడ్డు మీద ఎన్నాళ్లని చెయ్యి పట్టుకోని తిప్పేది? నేను పోతే ఎవురు పట్టుకుంటారు?"

చేస్తాలే అవ్వా అన్నాడు వినయ్. అన్నాక గానీ ఆ మాట ఎంత బరువైందో అతనికి తట్టలేదు.

ఎందుకంటే విశ్వాసం తాత చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. ఆ చర్చిలో కీబోర్డు లేదు. ఉన్నదల్లా డేవిడ్ మామ డోలక్, ఆడవాళ్ల చేతుల్లో తాళాలు, తాత గొంతు. ఆయన ఒక వరస పాడితే అందరూ అదే వరస పాడాలి, అది వినయ్ పుట్టకముందు నుంచీ ఉన్న పద్ధతి. చెవులు పోతున్నకొద్దీ తాత పాట జారుతూ వచ్చింది. ముందు నెమ్మదించింది. తర్వాత పైకి లేవాల్సిన మూడో వరస లేవడం మానేసి కిందికి దిగిపోవడం మొదలుపెట్టింది. మొదటిసారి అట్లా దిగినప్పుడు సంఘమంతా ఒక్క క్షణం తడబడింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనుకోకుండానే, అందరూ ఆయనతోపాటు దిగారు. ముసలాయన మొహం చూస్తూ పైకి లేవడానికి ఎవరికీ మనసు రాలేదు. డేవిడ్ మామ కూడా దెబ్బ సాగదీసి డోలక్ నెమ్మదిగా వాయించడం నేర్చుకున్నాడు.

అది ఒక ఆదివారంతో పోలేదు. ఏండ్లు గడిచాయి. ఇప్పుడు ఊళ్లో పిల్లలకు ఆ రాగం తప్ప వేరే రాగం తెలియదు. దర్శి నుంచి ప్రార్థన కూటాలకు వచ్చినవాళ్లు విని, మీ ఊరి బాణీ భలే ఉందే అని మెచ్చుకుని వెళ్లారు. తాతకు మాత్రం తను ఎప్పటిలాగే పాడుతున్నాననే నమ్మకం. వారమంతా ఎవరి మాటా వినబడక అరుగు మీద ఒంటరిగా కూర్చునే మనిషి, ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు లేచి నిలబడేవాడు. ఆయనకు మిగిలింది అదొక్కటే. ఇప్పుడు ఈ చిక్కుడు గింజ పనిచేస్తే ఆయనకు బస్సు హారన్ ఒకటే కాదు, ఆదివారం పాట కూడా వినబడుతుంది కదా.

ఊళ్లో ఏ మాటా దాగదు. మర్నాడే డేవిడ్ మామ దుకాణానికి వచ్చి బెంచీ మీద చతికిలబడ్డాడు.

"ఏం అల్లుడా, మిషన్ చేస్తన్నావంట?"

"చూస్తన్నా మామా."

"చేయొద్దని నేను అనను. అంటే పాపం తగుల్తాది. నిదానంగా చూడు." డేవిడ్ మామ గొంతు తగ్గించాడు. "నీ కంప్యూటర్లో ఆ సీడీ పనిచేయదంట గదా. పనిచేయకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు? ఎవురూ నిన్ను ఒక మాట అనరు."

నిజానికి ఆ సీడీ పనిచేయనే లేదు. అది పాతకాలపు విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం. వినయ్ కంప్యూటర్లు నడిచేది లినక్స్ అనే వేరే రకం సాఫ్ట్‌వేర్ మీద. ఊరందరి పెన్‌డ్రైవుల్లో వచ్చే వైరస్‌లు కడిగి కడిగి విసుగెత్తి, ఒకనాడు అన్నిట్లో లినక్స్ ఎక్కించేశాడు. సీడీ పెట్టి నొక్కితే కంప్యూటర్ దాన్ని పిలవని చుట్టాన్ని చూసినట్టు చూసి ఊరుకుంది. తెలిసిన టీచరు దగ్గర విండోస్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ ఉంటే దాంట్లోనూ పెట్టి చూశాడు. కేబుల్ డబ్బా ఏమిటో అది గుర్తుపట్టలేదు. కాబట్టి డేవిడ్ మామ చెప్పిన సాకు అబద్ధం కూడా కాదు. అవ్వకు ఫోన్ చేసి, నా మిషన్లో ఇది నడవదవ్వా అంటే సరిపోయేది. వినయ్ నిజంగానే ఫోన్ తీశాడు. అవ్వ ఎత్తి, "చెప్పు నాయనా, అయిందా?" అన్నది. ఆ గొంతు బొంగురుపోయి, సగం గాలే వస్తోంది. ఇంకా చూస్తన్నా అవ్వా అని పెట్టేశాడు.

ఇక తప్పదని కూర్చున్నాడు. ఒక కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రాంను ఇంకో రకం కంప్యూటర్లో నడిపించడానికి, మధ్యలో కూర్చుని సర్దిచెప్పే ప్రోగ్రాం ఒకటుంటుంది. దాన్ని ఎక్కించాడు. సీడీలోది తెరుచుకున్నట్టే తెరుచుకుని మాయమైంది. ఏదో ఫైలు లేదన్నది, తెచ్చిపెట్టాడు. ఇంకోటి లేదన్నది, అదీ వెతికి తెచ్చాడు. అక్షరాల చోట డబ్బాలు వచ్చాయి, వాటిని సరిచేశాడు. కొత్త కోడలు పుట్టింటి సామాన్లు అడిగినట్టు అది అడుగుతూనే పోయింది. మధ్యలో జెరాక్సులు, ఆధార్ ప్రింట్లు, హాల్ టికెట్లు, కరెంటు పోవడం, మళ్లీ మొదటి నుంచి మొదలు. నడుము నొప్పి పుట్టింది. కళ్లు మండాయి. నాకెందుకొచ్చిన తంటా ఇది అని పైకే అనుకున్నాడు, బెంచీ మీదివాళ్లు తలెత్తి చూశారు.

చివరికి తెర నిండా ప్రోగ్రాం తెరుచుకుంది. కానీ దానికి చెవి మిషన్ కనబడలేదు. పాత కంప్యూటర్లకు వెనకాల ఒక వెడల్పాటి పోర్టు ఉండేది, దాని పేరు పెట్టి అడుగుతోంది. ఇప్పటి కంప్యూటర్లలో ఆ పోర్టే లేదు. కేబుల్‌కు మారుపిన్ను తగిలించి మామూలు యూఎస్‌బీకి గుచ్చాడు. ఆ యూఎస్‌బీకి, ప్రోగ్రాం అడుగుతున్న పాత పేరు పెట్టాడు. ప్రోగ్రాం ఆ పేరు చూసింది, తన వీధికే వచ్చానని నమ్మింది. చెవి మిషన్ బొమ్మ తెర మీద వెలిగింది. వినయ్‌కి సంతోషం కలగాలి. కలిగింది కూడా, ఒక్క నిమిషం. తర్వాత ఆదివారం గుర్తొచ్చి ఉన్న నీరసానికి ఇంకాస్త నీరసం తోడైంది.

శనివారం పొద్దున అవ్వ తాతను తీసుకొచ్చింది. క్యాంపులో ఇచ్చిన చెవి పరీక్ష కాగితం చూసి, ఏ శబ్దం ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో ప్రోగ్రాంలో పెట్టి, వినయ్ మిషన్‌ను తాత చెవిలో అమర్చాడు. ఈల రాలేదు. తాత కదలకుండా కూర్చున్నాడు. పైన ఫ్యాన్ వంక చూశాడు. బస్టాండులోంచి "మార్కాపురం, మార్కాపురం" అన్న కేక వచ్చింది, అటు తిరిగాడు.

"ఇనపడతాందా?" అవ్వ అలవాటు కొద్దీ గట్టిగా అరిచింది.

తాత ఉలిక్కిపడ్డాడు. "ఎందుకట్ల అరుస్తావు?" అని ఆమె మొహంలోకి చూశాడు. "లీదియమ్మా, ఏమైంది నీ గొంతుకు? ఇంత ముసల్దైపోయింది."

అవ్వకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నిన్ను పిలిచి పిలిచే అయింది అన్నది, ఈసారి మెల్లగా. తాత ఆ మాట విని తలవంచుకున్నాడు. వినయ్ ఏదో పని ఉన్నట్టు వైర్లు చుట్టసాగాడు.

తాతకు మాట్లాడాలని ఉంది. ఇన్నేండ్ల మాటలు కూడబెట్టుకున్న మనిషి, అన్నీ అడిగాడు. ఈ సీడీ నీ మిషన్‌లో నడవదని డేవిడ్ అన్నాడంట గదా, మీ అవ్వ ఇప్పుడే చెప్పింది, ఎట్ల నడిపించినావు అన్నాడు.

"ఇది వేరే కంప్యూటర్ కోసం చేసింది తాతా. నా దాంట్లో ఉండలేదు. అందుకని మధ్యలో ఇంకొకన్ని కూర్చోబెట్టినా. ఇది ఏం అడిగినా వాడు ఉంది ఉంది అని, దానికి తగ్గట్టు అన్నీ వాడే సర్దుతా ఉంటాడు. దీనికేమో తన ఇంట్లోనే ఉన్నట్టు ఉంటాది."

తాత ఆశ్చర్యంగా తెర వైపు వంగి చూశాడు. "పాపం, దానికి తెల్దా?"

"తెల్దు తాతా. తెలిస్తే నిలిచిపోతాది."

అన్నాక వినయ్‌కి నాలుక కరుచుకోవాలనిపించింది. రేపటి సంగతి ఇప్పుడే చెప్పేద్దామా అనుకున్నాడు. తాతా, రేపు చర్చిలో నీకు ఒకటి వినబడుతుంది, బాధపడొద్దు అందామనుకున్నాడు. ఆయన మొహం చూస్తే నోరు రాలేదు. తిరిగి వెళ్తూ రోడ్డు దాటేటప్పుడు తాత అవ్వ చెయ్యి విడిపించుకుని, వస్తున్న ఆటో హారన్‌కు తనే ఆగి, చూసినావా అన్నట్టు వెనక్కి తిరిగి నవ్వాడు.

ఆదివారం చర్చికి వెళ్లకుండా ఉండటానికి వినయ్ వెతకని సాకు లేదు. అయినా వెళ్లి చివర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. డేవిడ్ మామ అతని వంక ఒక చూపు చూసి డోలక్ తాళ్లు బిగించుకోసాగాడు. పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేసి, తాతా పాట అన్నారు.

తాత లేచాడు. గొంతు సవరించుకున్నాడు. ఎత్తుకున్నాడు.

గొంతు వణికింది, అక్కడక్కడా చీలింది, కానీ పాట పాటలాగే ఉంది. నడక సరిగ్గా ఉంది. వినయ్‌కి చిన్నప్పటి చర్చి, చాపలు, నాయన పక్కన కూర్చున్న ఆదివారాలు అన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి. తన గొంతు తనకే వినబడుతుంటే తాత మొహం వెలిగిపోతోంది. మొదటి రెండు వరసలూ సంఘం తడబడుతూ, ఆయన వేగం అందుకోలేక వెనకబడుతూ పాడింది. మూడో వరస వచ్చింది. తాత పైకి లేచాడు. సంఘమంతా, ఎప్పటిలాగే, ఒక్కటిగా కిందికి దిగింది.

తాత ఆగాడు. పొరపాటు పడ్డారనుకుని నవ్వి, చెయ్యి పైకెత్తి చూపించి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అందరూ ఆయనతో లేద్దామనే ప్రయత్నించారు. డేవిడ్ మామ కళ్లతో సైగలు కూడా చేశాడు. కానీ ఏండ్లు పాడిన గొంతులు మాట వినలేదు, పిల్లలైతే గట్టిగా, హాయిగా కిందికి దిగిపోయారు. ఆయన కోసం నేర్చుకున్న తప్పు ఇప్పుడు ఆయన అడిగినా వదలడం లేదు.

"ఏందిది?" అన్నాడు తాత. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "పాటను చంపేస్తన్నారు గదా. ఎవురు నేర్పినారు మీకు ఇట్ల?"

అయ్యగారు బైబిల్ పేజీలు తిప్పారు. డేవిడ్ మామ డోలక్ మీద అరచెయ్యి పెట్టి అట్లాగే ఉంచాడు. తాత ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, ఆడవాళ్ల వైపు ముందు వరసలో అవ్వ దగ్గర ఆగాడు.

"నువ్వే" అన్నది అవ్వ.

ఆమె అరవలేదు. పక్క మనిషికి చెప్పినంత మెల్లగా అన్నది. ఆయనకు మొదటిసారికే వినబడింది.

తాత ముందున్న ప్రసంగం బల్ల అంచు పట్టుకున్నాడు. అన్ని ఆదివారాలనూ ఆయన ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పుకుంటున్నాడని వినయ్‌కి తెలుస్తూనే ఉంది. ఎందుకు బాగుచేశానురా దేవుడా అనుకున్నాడు. డేవిడ్ మామ మాట విని ఉంటే ఈపాటికి ఆయన సుఖంగా రెండో పాటలో ఉండేవాడు. అందరూ కలిసి ఇన్నేండ్లు కాపాడినదాన్ని తను ఒక్క వారంలో పగలగొట్టి చేతిలో పెట్టాడు. అతనికి లేచి బయటికి పోవాలనిపించింది.

తాత చూపు వెతుక్కుంటూ వెనక గోడ దాకా వచ్చింది.

"వినయ్, నిన్న నేను దాన్ని చూసి పాపం దానికి తెల్దా అన్నా గదా."

"అవును తాతా."

"నాకూ తెల్దు గదరా."

ఆ మాటకు ఆడవాళ్లలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. తెలిసింది కాబట్టి ఇక ఈయన కూడా నిలిచిపోతాడేమో అని వినయ్ భయపడ్డాడు. తాత చొక్కా జేబు తడుముకున్నాడు. మిషన్ తీసి అందులో వేసుకుంటాడనే అందరూ అనుకున్నారు. చెయ్యి చెవి దాకా వెళ్లింది. మిషన్‌ను ఇంకొంచెం లోపలికి అదుముకుని, బల్ల దగ్గర నుంచి కదిలి, మగవాళ్ల వరసలో డేవిడ్ మామ పక్కన వచ్చి నిలబడ్డాడు.

"మీరు ఎత్తుకోండి. నేను ఎనకాల వస్తా."

ఆ ఊళ్లో పాట ఎత్తుకోవడం ఇంకెవరికీ తెలియదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చాలాసేపటికి అవ్వ అరిగిపోయిన గొంతుతో మొదలుపెట్టింది. ఆమెకు తెలిసిన రాగం అదొక్కటే. నెమ్మదిగా సంఘం అందుకుంది, డోలక్ సాగింది. తాత పెదవులు కదుపుతూ వాళ్లను వింటూ వస్తున్నాడు, కొత్తగా చేరినవాడు పక్కవాళ్లను చూసి నేర్చుకున్నట్టు. మూడో వరసలో పాత అలవాటుకు ఆయన గొంతు పైకి లేవబోయింది. ఆపుకున్నాడు. వాళ్లందరి నోళ్ల వంక ఒకసారి చూసి, వాళ్లతోపాటు దిగాడు.